నింపాదక్క కేక

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదో ఉంది గానీ ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆవిడ నింపాదక్క. కొంప మునిగిపోతోందని ఎవరైనా రొప్పుతూ వస్తే, "ఎంతదాకా మునిగింది? మోకాళ్ళదాకానా, నడుందాకానా?" అని అడిగే రకం. అలాంటి మనిషికి తగ్గ ఉద్యోగమే దొరికింది. లిఫ్టుల కంపెనీ కంట్రోల్ రూములో కూర్చుని, మధ్యలో ఆగిపోయిన లిఫ్టుల్లోంచి వచ్చే ఫోన్లు తీయడం.

లిఫ్టు లోపల పసుపు రంగు మీట ఒకటి ఉంటుంది, చూసే ఉంటారు. అది నొక్కితే ఈవిడ చెవిలో మోగుతుంది. ఇరుక్కున్నవాళ్ళు రకరకాలు. కొందరు ఏడుస్తారు, కొందరు తిట్ల దండకం ఎత్తుకుంటారు. ఒకాయనైతే తన పెళ్ళి కథ మొత్తం మొదలుపెట్టి, సరిగ్గా విడాకుల దగ్గరికి వచ్చేసరికి తలుపు తెరుచుకుంటే, "కాసేపు ఆగవయ్యా!" అని మెకానిక్‌ని కసిరాడు. ఎవరికైనా నింపాదక్క చెప్పేది మూడు ముక్కలే. తలుపు మీరు లాగకండి. కింద కూర్చోండి. మెకానిక్ మీ తలుపు దగ్గరికి వచ్చేదాకా నేను ఫోన్ పెట్టను. మూడోది కంపెనీ రూలే. అయినా పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పని మనిషి ఆ గదిలో ఈవిడ ఒక్కతే. భోజనం మానుకున్న రోజులున్నాయి గానీ ఫోన్ పెట్టేసిన రోజు లేదు.

అలాంటి నింపాదక్క ఒక మంగళవారం పొద్దున పదకొండు నిమిషాలపాటు నోరు తెరవలేదు.

నాలుగో అంతస్తుకూ అయిదో అంతస్తుకూ మధ్య కూరగాయల సంచితో ఒక పెద్దాయన ఇరుక్కున్నాడు. ఈవిడ పేరు అడిగింది, కూర్చోమంది, మెకానిక్‌ని పంపింది. అంతే, ఆ తర్వాత మాట రాలేదు. లైను తెరిచే ఉంది. "హలో, అమ్మా, ఉన్నావా?" అని ఆయన పిలుస్తున్నాడు. వినిపిస్తోంది. పెదవులు కదలడం లేదు. చివరికి పక్క సీటు అమ్మాయి చూసి లైను తన మీదికి తీసుకుంది. పెద్దాయన క్షేమంగా బయటికొచ్చాడు, వచ్చాక అన్న మాట మాత్రం కంట్రోల్ రూమంతా విన్నది. "నేను బతికే ఉన్నాను గానీ, ఆ ఫోన్లో ఆవిడ ఉందో పోయిందో చూసుకోండి."

మేనేజరు వచ్చి, "ఏమైందక్కా?" అని అడిగింది. "తలనొప్పి," అంది నింపాదక్క. "రెండ్రోజులు ఇంటి దగ్గరుండు. నీకేంటక్కా, నువ్వు బండరాయివి, లేచి కూర్చుంటావు," అని భుజం తట్టి పంపేసింది మేనేజరు.

బండరాయి అంటే పొగడ్త అనుకుంటారు జనం. నాకు ఒళ్ళు మండే మాట అది. రాయికి ఎవరైనా మంచినీళ్ళిస్తారా? అన్నం తిన్నావా అని రాయిని అడిగినవాళ్ళున్నారా? ఈవిడనూ ఎవరూ అడగలేదు. ఏడు వారాల కిందట తల్లి పోయింది. ఆరేళ్ళు మంచంలో ఉన్న తల్లి, స్నానం దగ్గర్నుంచి గోళ్ళు తీయడందాకా అన్నీ ఈవిడే చూసుకుంది. పోయిన అయిదో రోజుకు మళ్ళీ హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటే, "అబ్బ, ఎంత ధైర్యం!" అన్నారందరూ.

గోరుచుట్టు మీద రోకటిపోటులాగా చెల్లెలి మాట ఒకటి. ఆసుపత్రి వరండాలో, తల్లి పోయిందని తెలిసిన నిమిషంలోనే, అందరూ వింటుండగా చెల్లెలు అనేసింది. "ఊళ్ళో ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం నిమిషంలో మనిషిని పరిగెత్తిస్తావు. అమ్మ కోసం అంబులెన్సుకు అరగంట ఆలస్యంగా ఫోన్ చేశావు. నీ నింపాదే అమ్మను మింగేసింది." అంతే. అక్క ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చింది, చెల్లెలు మొహం చాటేసింది. ఏడు వారాలుగా ఒకరి గొంతు ఒకరు వినలేదు.

ఆ మాటే లోపల కూర్చుని తినేసింది ఆవిడను. మొదట్లో పొద్దున లేవబుద్ధి కాలేదు. తర్వాత తినబుద్ధి కాలేదు. ఆ తర్వాత, నేను లేకపోతే ఎవరికి లోటు అనే ఆలోచన ఎప్పుడు వచ్చి చేరిందో తెలియదు గానీ, పిలవని పేరంటంలా వచ్చి ఇక కదల్లేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఇంటికొచ్చి తల్లి మంచం మీద కూర్చుంది. ఎదురుగా అలమర. తల్లి సామాన్లన్నీ అందులోనే ఉన్నాయి. ఈమధ్య తన చూపు ఆ అలమర వైపే ఎందుకు పోతోందో నింపాదక్కకు తెలుసు. భయం వేయాలి కదా అనుకుంది. వేయలేదు. చావు గురించి ఆలోచిస్తుంటే కరెంటు బిల్లు గురించి ఆలోచిస్తున్నట్టుంది. ఇదేదో బాగోలేదని, తెలివి పూర్తిగా వదిలిపోని మూలలో ఎక్కడో తట్టింది.

ఆఫీసులో రూల్స్ కాగితం చివర ఒక హెల్ప్‌లైన్ నంబరు ఉంది. లోపల ఇరుక్కున్న మనిషి చచ్చిపోతాననే మాట ఎత్తితే ఆ నంబరుకు కలపాలి. పందొమ్మిదేళ్ళలో కలపాల్సిన అవసరం రాలేదు గానీ, కాగితమంతా కంఠతా వచ్చినట్టే ఆ నంబరూ వచ్చు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితితొట్టిలో పడిందట. ఆ సామెత తన మీదే తిరగబడిందని తెలిసి కూడా ఆవిడకు నవ్వు రాలేదు. నొక్కింది.

రెండో రింగుకు ఎవరో ఎత్తారు. ఎత్తిన చప్పుడు చెవిన పడటమే ఆలస్యం, పందొమ్మిదేళ్ళ అలవాటు నోట్లోంచి దూకింది.

"నమస్కారం, లిఫ్టు సహాయ కేంద్రం. భయపడకండి. మీరెక్కడ ఆగిపోయారో చెప్పండి."

అటు నుంచి పెద్ద తుమ్ము.

"నేను బాగానే ఉన్నానమ్మా," అంది ఒక మగ గొంతు. "జలుబు తప్ప ఏ ఇబ్బందీ లేదు. ఫోన్ చేసింది మీరు. మీరెలా ఉన్నారు?"

సిగ్గుతో చెవులు కాలిపోయాయి ఆవిడకు. "రాంగ్ నంబరండీ," అంది.

"సరే, రాంగ్ నంబరే అనుకుందాం. ఎలాగూ కలిసింది కదా, రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేయండి."

పెట్టేసేదే. కానీ తన పనిలో తప్పు పడితే ఎవరికి ఊరుకోబుద్ధవుతుంది? "మీరు ముందు పేరు అడగాలండీ," అంది. "పేరు పెట్టి పిలిస్తే మనిషి కుదురుకుంటుంది. మీకు నేర్పలేదా?"

"నేర్పారు, మర్చిపోయాను. మీ పేరు?"

"చెప్పను. నింపాదక్క అంటారు."

"నాకు అరవై ఏడమ్మా. నేను అక్కా అని పిలిస్తే మీకేం అభ్యంతరం లేదుగా?"

గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది నవ్వని ఆవిడకే కాస్త ఆలస్యంగా తెలిసింది. జలుబాయన ఆ సందు చూసుకుని, మెత్తగానే, కానీ సూటిగా అడిగేశాడు.

"నింపాదక్కా, చచ్చిపోవాలనిపిస్తోందా?"

ఇంత సూటిగా అడుగుతాడని అనుకోలేదు. ఇలాంటివాళ్ళు చుట్టూ తిప్పి మాట్లాడతారనుకుంది. ఏడు వారాల్లో తనను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. తనను తాను కూడా పైకి అడిగి చూసుకోలేదు. అవతల ఆయన తొందరపెట్టలేదు.

"అవును," అంది నింపాదక్క.

అన్నాక ఏడుపు వచ్చింది. ఆసుపత్రిలో రానిది, ఇంట్లో రానిది, అంతా కట్ట తెంచుకుని వచ్చింది. ఊరుకోమ్మా అనలేదాయన. ఏడవకు, నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు ఎంతమంది లేరు అని లెక్కలు తీయలేదు. వింటున్నానని తెలియడానికి మధ్యమధ్య "ఊఁ" అన్నాడు. అరవై ఏడేళ్ళు వచ్చినా ఆ "ఊఁ" అనడం చేతకాని మగవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

ఏడుపు కాస్త తెరిపిచ్చాక అడిగాడు. "ఇంట్లో ఒక్కరే ఉన్నారా? మీకు చేటు చేసేదేమైనా దగ్గర్లో ఉందా?"

"అలమర ఉంది," అంది.

"తాళం వేయండి. తాళంచెవి మాత్రం ఇంట్లో ఉంచకండి. ఎవరికివ్వగలరు?"

"మేడ మీద దర్జీ ఉంది. దానికిస్తే సాయంత్రానికి వీధి వీధంతా తెలుస్తుంది."

"తెలిస్తే ఏమవుతుంది?"

నింపాదక్క లేచి అలమరకు తాళం వేసింది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో తాళంచెవి పట్టుకుని మెట్లెక్కింది.

ఈ దర్జీ సంగతి చెప్పాలి. వాగుడుకాయ. కుట్టుమిషన్ ఆగినా ఆవిడ నోరు ఆగదు. జాకెట్టు కొలతలివ్వడానికి వెళ్ళినవాళ్ళు మూడిళ్ళ ముచ్చట్లు మోసుకుని దిగుతారు. అందుకే ఏడేళ్ళుగా నింపాదక్క ఆవిడకు కనపడకుండా తప్పించుకు తిరిగింది. ఆ దర్జీ ఇవాళ ఈవిడ మొహం చూసింది, చేతిలో తాళంచెవి చూసింది, మిషన్ ఆపింది.

"ఇది నీ దగ్గరుంచు. నేనడిగినా ఇవ్వకు," అంది నింపాదక్క.

"ఇవ్వను. కింద నీకు తోడు కూర్చోనా?" అంది దర్జీ. అంతకు మించి ఒక్క ముక్క అడగలేదు. కుట్టాల్సిన గుండీలు ఒళ్ళో వేసుకుని వచ్చి, నింపాదక్క గుమ్మంలో చతికిలబడింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈనాటి వరకూ ఆ విషయం ఆవిడ నోట వీధిలో ఎవరూ వినలేదు. మనుషుల్ని మనం ఎంత తెలిసినట్టు కొట్టిపారేస్తామో!

"ఇంకెవరున్నారమ్మా మీకు?" అడిగాడు జలుబాయన.

"ఎవరూ లేరు."

"ఎవరూ లేరనేవాళ్ళకు తరచుగా మాటలు మానేసినవాళ్ళు ఒకరుంటారు."

గట్టివాడే, అనుకుంది నింపాదక్క. చెల్లెలి సంగతి చెప్పింది. వరండా, అరగంట, ఆ మాట, అన్నీ చెప్పింది. "నేనే చంపుకున్నానేమోనండీ అమ్మని."

"ఆ అరగంట సంగతి నాకు తెలియదమ్మా. నేను డాక్టర్ని కాను. తెలిసినట్టు నటించి మిమ్మల్ని ఓదార్చను. కానీ ఈ మధ్యాహ్నం మీ పరిస్థితి మీ చెల్లెలికి తెలియాలి. అది మాత్రం నాకు తెలుసు."

"అది రాదు."

"అడిగి చూడండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు."

"అమ్మే పోయిందిగా," అంది నింపాదక్క.

అటు ఆయన తుమ్మాడు. గుమ్మంలో దర్జీ "చిరంజీవ" అంది, ఎవరు తుమ్మారో కూడా తెలియకుండా.

"చేస్తాను. కానీ ఒక షరతు," అంది నింపాదక్క. "మా దగ్గర రూలుంది. మెకానిక్ తలుపు దగ్గరికి వచ్చేదాకా ఫోన్ పెట్టకూడదు. అది వచ్చేదాకా మీరు పెట్టకూడదు."

"మా పుస్తకంలో అలాంటి రూలు లేదు గానీ, మీ రూలు బాగుంది. పెట్టను."

దర్జీ తన ఫోను ఇచ్చింది. చెల్లెలు ఈత కోచ్. ఆ వేళకు కొలను దగ్గర పిల్లలకు నేర్పుతుంటుంది. తెలియని నంబరు కాబట్టి ఎత్తింది.

"ఎవరూ?"

"చిట్టీ, నేనే."

అటు పిల్లల అరుపులు, నీళ్ళ చప్పుడు. ఎదుటివాళ్ళకు ఏం చెప్పాలో పందొమ్మిదేళ్ళుగా తెలిసిన మనిషికి తన గురించి ఏం చెప్పాలో తోచలేదు. ఇంకో నిమిషం ఆగితే ఏమీ లేదులే అనేస్తానని భయమేసి, ఉన్నదున్నట్టు కక్కేసింది. "నాకు చచ్చిపోవాలనిపిస్తోందే. ఒక్కదాన్నే ఉండలేను. నువ్వు రావే."

"తలుపు తీసే ఉంచు," అంది చిట్టి. పెట్టేసింది.

ఆ కొలను ఊరి అవతలి చివర ఉంది. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ జలుబాయన లైన్లోనే ఉన్నాడు. కబుర్లలో తెలిసిందేమిటంటే, ఆయన కూర్చునే గది ఆరో అంతస్తులో ఉంది, ఆయన రోజూ మెట్లెక్కే వస్తాడు. ఎందుకంటే ఆయనకు లిఫ్టంటే భయం!

"తాడు తెగితేనో?" అన్నాడు.

"ఒక్క తాడే ఉంటుందా? ఎన్నో ఉంటాయి. అన్నీ తెగినా పట్టేసే బ్రేకులుంటాయి. చదువుకున్నవాళ్ళు మీరే ఇలా అంటే ఎలాగండీ? అరవై ఏడేళ్ళ మోకాళ్ళతో ఆరంతస్తులా? బుద్ధుందా అసలు?" అని ఝాడించింది నింపాదక్క. ఝాడిస్తుంటే, ఇది నా గొంతేనే, ఎక్కడికి పోయింది ఇన్నాళ్ళూ, అనిపించింది.

చిట్టి ఆటో దిగి పరిగెత్తుకొచ్చింది. ఈత దుస్తుల మీద ఎవరిదో పొడుగు చొక్కా, నెత్తిన రబ్బరు టోపీ, మెడలో ఈల, కాలికి ఒకటే చెప్పు. గుమ్మంలో గుండీలన్నీ తన్నేసి లోపలికొచ్చింది.

"వచ్చింది," అంది నింపాదక్క ఫోన్లో.

"తలుపు దగ్గరికా, లోపలికా?"

"లోపలికి."

"అయితే ఫోను ఒకసారి తనకివ్వండి."

డాక్టర్ని రేపే చూడమని, ఇవాళంతా అక్కను ఒంటరిగా వదలొద్దని చిట్టికి చెప్పాడు. "రేపు పదకొండింటికి నేను మళ్ళీ ఈ సీట్లోనే ఉంటానని చెప్పండి. నేను లేకపోయినా ఎవరో ఒకరు ఉంటారు. మాకు తలుపులు మూసే వేళంటూ లేదు," అన్నాడు. తుమ్మి పెట్టేశాడు.

ఫోను మంచం మీద పడేసి చిట్టి అక్క కాళ్ళ దగ్గర కూలబడింది. ఒంటి మీద తడి ఇంకా పూర్తిగా ఆరలేదు.

"అక్కా, ఆరోజు సాయంత్రమే డాక్టరు నాతో చెప్పాడు. అరగంట కాదు, అమ్మ ఆసుపత్రి మంచం మీదే ఉన్నా ఆపలేకపోయేవాళ్ళం అన్నాడు. నీకు చెప్పాలంటే ముందు నేనన్న మాట వెనక్కి తీసుకోవాలి. నాకు మొహం చెల్లలేదే. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ..."

"ఏడు వారాలా?" అంది నింపాదక్క.

చెంప ఛెళ్ళుమనిపించాలన్నంత కోపం వచ్చింది. కోపం రావడం కూడా ఎన్నాళ్ళకో! చెయ్యి ఎత్తింది గానీ, ఆ చెయ్యి పోయి రబ్బరు టోపీ మీద వాలి, తలను దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ పెట్టిన శోకాలకు గుమ్మంలో దర్జీ వాళ్ళిద్దరికంటే గట్టిగా ఏడ్చింది.

అంతటితో అంతా చక్కబడిందంటే నేను అబద్ధాలకోరునవుతాను. డాక్టరు మందులు రాసిచ్చింది, వారానికోసారి వచ్చి మాట్లాడమంది. బాగున్న రోజులు వచ్చాయి, వెంటనే బాగోలేని రోజులూ వచ్చాయి. చిట్టి తన సామాను ఆటోలో వేసుకుని అక్క ఇంట్లో దిగింది. అలమరలో ఉన్నవన్నీ తనే తీసి అవతల పారేసింది. పదకొండింటికి నింపాదక్క నాలుగుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లు జలుబాయన దొరికాడు, రెండుసార్లు వేరే గొంతులు దొరికాయి, అవీ మంచివే. ఆఫీసులో మేనేజరుకు తలనొప్పి కాదని, అసలు సంగతి ఏమిటో చెప్పి సెలవు తీసుకుంది.

సెలవులో ఇంట్లో కూర్చోనిస్తుందా చిట్టి? రోజూ కొలనుకు లాక్కుపోయింది. నలభై ఆరేళ్ళ మనిషి, ఏడెనిమిదేళ్ళ పిల్లల మధ్య, కడ్డీ పట్టుకుని కాళ్ళాడించడం! "అక్కా, మోకాలు వంచకూడదు," అని పిల్లలే నేర్పేవాళ్ళు. ఏం చెప్పినా నింపాదక్క తల ఊపి చేసేది. మెల్లగా తేలడం వచ్చింది. మెల్లగా నాలుగు బారలు వేయడం వచ్చింది. ఇష్టమా అంటే ఇష్టమూ కాదు, అయిష్టమూ కాదు. అన్నం తిన్నట్టే ఇదీ చేసేది. అది చూసి చిట్టి లోపల్లోపల కుమిలిపోయేది. మనిషి లేస్తోంది, తింటోంది, చెప్పింది చేస్తోంది, కానీ మనసు బతుకు మీదికి వచ్చిందా లేదా? అడగలేక, అడగకుండా ఉండలేక సతమతమైపోయేది.

మూడో నెలలో ఒకరోజు చిట్టి అంది. "ఇవాళ ఈ గోడ నుంచి ఆ గోడకు. నేను పక్కనే ఉంటాను."

మొదలుపెట్టింది. సగందాకా బాగానే సాగింది. సగంలో ఒక్క క్షణం ఆగుదామని కాలు కిందికి పెట్టింది. నేల లేదు. ఇంకా దించింది. లేదు. ముక్కులోకి నీళ్ళెళ్ళాయి, కళ్ళముందు అంతా తెల్లగా అయిపోయింది.

"చిట్టీ! చచ్చిపోతానే! పట్టుకోవే, పట్టుకో!"

ఆ కేకకు రేకుల కప్పు అదిరింది. నలభై ఆరేళ్ళలో ఆవిడ గొంతు అంత పైకి లేచింది అదే మొదటిసారి. రెండు చేతుల దూరంలో ఉన్న చిట్టి ఒక్క ఊపులో వచ్చి చంకల కింద చేతులు వేసి పైకెత్తింది. నింపాదక్క చెల్లెలి మెడను ఉడుంపట్టు పట్టి, దగ్గి దగ్గి, ఊపిరి తీసుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని చూసింది.

"భయం వేసిందే," అంది.

"ఏం కాదులే అక్కా, మొదట్లో అందరికీ వేస్తుంది."

"కాదే పిచ్చిమొహమా! చచ్చిపోతానేమోనని భయం వేసింది. నాకు! చావంటే భయం వేసింది! నాకు చావాలని లేదే చిట్టీ, బతకాలనుంది!"

చిట్టికి అప్పుడర్థమైంది. నీళ్ళలో అలాగే అక్కను తేల్చి పట్టుకుని, పెద్దదాన్నన్న సిగ్గు లేకుండా, కోచ్‌నన్న బింకం లేకుండా, పిల్లలందరి ముందూ భోరుమంది. నింపాదక్క ఏమో విరగబడి నవ్వుతోంది. గట్టు మీద పిల్లలకు ఏం అర్థం కాలేదు. మునిగిపోయినావిడ నవ్వుతోంది, కాపాడినావిడ ఏడుస్తోంది!

"ఇక గట్టుకు పోదాం పద," అంది చిట్టి ముక్కు చీదుకుంటూ.

"గట్టుకెందుకు? వదులు నన్ను. ఇంకా సగం ఉంది."

వదిలింది. నింపాదక్క ముందుకు సాగింది. నింపాదిగా కాదు. నీళ్ళను తిడుతూ, తన్నుతూ, చుట్టూ నాలుగు బారల మేర అందరినీ తడిపేస్తూ, ఈత పుస్తకంలో ఎక్కడా లేని ఈత ఈదింది. పిల్లలు గట్టు వెంట పరిగెత్తుతూ "అక్కా! అక్కా!" అని ఈలలు, కేకలు. చెయ్యి చాచి అవతలి గోడను తాకింది, కడ్డీ పట్టుకుని తల పైకెత్తింది, గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఈసారి ఏ అవసరమూ లేకపోయినా, ఇంకోసారి అంత గట్టిగానూ అరిచింది.